పదిమంది సొమ్ము: యువజన సంఘాలు - బ్యాంకు ఖాతా నిర్వహణ

యువజన సంఘాన్ని స్థాపించడం సులభం; నిలబెట్టడం కష్టం. ఉత్సాహం, సేవాభిలాష, నలుగురినీ కలుపుకొనిపోయే మంచితనం మన యువకులలో కొదువ లేని గుణాలు. వేసవి సెలవులలో బడిపిల్లలకు ఉచితంగా పాఠాలు చెప్పేవారు, రక్తదాన శిబిరాలు జరిపేవారు, పాత పాఠ్యపుస్తకాలను సేకరించి పేద విద్యార్థులకు అందించేవారు, పేటలో చిన్న గ్రంథాలయాన్ని నడిపేవారు మన పట్టణాలలో వీధి వీధినా కనిపిస్తారు. కాని ఇట్లు పుట్టిన సంఘాలలో ఐదేండ్లు నిండినవి ఎన్ని అని లెక్కించి చూస్తే మనస్సు చివుక్కుమంటుంది.

సంఘాలు సిద్ధాంత భేదాలవల్ల చెడిపోతాయని పెద్దలంటారు. మేము గమనించినంతలో సిద్ధాంతంకంటె చిల్లర లెక్కే ఎక్కువ సంఘాలను చెరచింది. మేమెరిగిన ఒక సంఘం ఆరేండ్లపాటు సాయంకాలపు ఉచిత బడి నడిపి, నాలుగు వేల రూపాయలు కూడ నిండని ఒక మొత్తానికి లెక్క తేలక విచ్ఛిన్నమైంది. కోశాధికారి దొంగ కాడు. ఆ సంగతి అతనిని నిందించినవారికి కూడ తెలుసు. కాని విరాళాలు అతని సొంత ఖాతాలో పడ్డాయి, ఖర్చులు అతని జేబులోనుండి జరిగాయి. ఏది సంఘం సొమ్మో, ఏది తన సొమ్మో విడదీసి చూపగల కాగితం అతని వద్ద లేదు. నిజాయితీ ఉన్నది, నిదర్శనం లేదు. బడి మూతపడింది. అతడు నేటికీ ఆ వీధిలో తలవంచుకొని నడుస్తున్నాడు.

కనుక బ్యాంకు ఖాతా అనేది దొంగలను పట్టుకొనుటకు పన్నిన వల మాత్రమే కాదు. అంతకంటె ముఖ్యంగా అది నిజాయితీపరునికి కవచం. ఈ దృష్టితోనే మన విద్యార్థులకు, కళాశాల పాలకవర్గంవారికి ఉపకరించునట్లు ఈ విషయాన్ని వివరింపదలచినాము.

సొంత ఖాతా చేసే చేటు

"మా అధ్యక్షుడు నమ్మకస్థుడు, ఆయన ఖాతాలోనే వేద్దాం" అనే మాట ప్రతి సంఘంలోను వినబడుతుంది. నమ్మకం మంచిదే. కాని చట్టం దృష్టిలో ఒక వ్యక్తి పేరున ఉన్న ఖాతాలోని సొమ్ము ఆ వ్యక్తిదే. దీనినుండి నాలుగు చిక్కులు పుట్టుతాయి.

మొదటిది, ఆ వ్యక్తి హఠాత్తుగా మరణిస్తే ఖాతాలోని సొమ్మును బ్యాంకు అతని నామినీకో, వారసులకో అప్పగిస్తుంది. అందులో పేద విద్యార్థుల పరీక్ష ఫీజులు ఉన్నాయని సంఘ సభ్యులు వెళ్ళి చెప్పినా బ్యాంకు వినజాలదు. దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని పోయి సొమ్మడగవలసిన దుస్థితి మరే సంఘానికీ పట్టకూడదు. రెండవది, ఆ వ్యక్తి అదే బ్యాంకులో తీసుకొన్న అప్పు చెల్లించలేకపోతే, ఆ ఖాతాలోని నిలవను బాకీ కింద సర్దుకొనే హక్కు బ్యాంకుకు కలదు. మూడవది, ఏడాది పొడవునా వచ్చిన విరాళాలన్నీ అతని ఆదాయంగా కనిపిస్తాయి. ఆదాయపు పన్ను శాఖవారు అడిగితే సమాధానం చెప్పవలసినవాడు అతడే. నాలుగవది, ఉద్యోగరీత్యా అతడు హైదరాబాదుకో, దుబాయికో, రియాదుకో వెళ్ళిపోతే సంఘం సొమ్ము అతని జేబులోని ఫోనుతోపాటు వెళ్ళిపోతుంది.

ఇద్దరు మిత్రుల పేర జాయింటు ఖాతా తెరచినంతమాత్రాన ఈ చిక్కులు తొలగవు. అది ఇద్దరు వ్యక్తుల సొంత ఖాతా అవుతుందే తప్ప సంఘం ఖాతా కానేరదు. సంఘం పేరుతోనే ఖాతా ఉండవలెను. మనుషులు మారినా ఖాతా మారరాదు.

సంఘానికి చట్టరూపం

సంఘం పేరుతో ఖాతా కావలెనంటే సంఘమనేది ఒకటున్నదని బ్యాంకుకు రుజువు చూపవలెను. దీనికి రాజమార్గం రిజిస్ట్రేషను. మన తెలుగు ప్రాంతాలలో ఒకప్పుడు ఈ విషయంలో రెండు చట్టాలుండేవి. ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టం, తెలంగాణ ప్రాంతంలో నిజాం కాలం నాటి 1350 ఫసలీ చట్టం అమలులో ఉండేవి. ఈ రెంటి స్థానంలో 2001లో ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషను చట్టం వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ కూడ దానినే తనకు అన్వయించుకొన్నది. కనీసం ఏడుగురు సభ్యులు కూడి, సంఘం ఉద్దేశాలను తెలిపే మెమొరాండం, నడవడికను నిర్ణయించే నియమావళి వ్రాసుకొని, జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో దాఖలు చేసికోవచ్చును.

నియమావళిని ఎక్కడినుండో తెచ్చి పేరు మార్చి పెట్టుకోవడం మన సంఘాలకు అలవాటు. ఇది మంచిది కాదు. ఖాతాను ఎవరు నిర్వహించాలి, ఎన్ని సంతకాలుండాలి, కార్యవర్గం అనుమతి లేకుండ ఎంతవరకు ఖర్చు చేయవచ్చు, సంఘం రద్దయితే మిగిలిన సొమ్ము ఎవరికి చెందాలి అనే నాలుగు ప్రశ్నలకు జవాబు నియమావళిలో స్పష్టంగా ఉండవలెను. తగాదా వచ్చినప్పుడు అందరూ తిరగవేసేది ఈ పుటలనే.

రిజిస్ట్రేషను లేని సంఘం కూడ ఖాతా కోరవచ్చును. కార్యవర్గ తీర్మానం, ఖాతా నడిపేవారికి ఇచ్చిన అధికారపత్రం, వారి గుర్తింపు, చిరునామా పత్రాలు, సంఘం ఉనికిని తెలిపే ఇతర కాగితాలు బ్యాంకువారు అడుగుతారు. అయితే రిజిస్ట్రేషను లేనిచోట శాఖాధికారి వెనుకాడడం సహజం; ఏ తరగతి ఖాతా ఇవ్వగలరన్నది కూడ ముందుగా విచారించుకోవలెను. ఇక కళాశాల ఆవరణలోనే పనిచేసే విద్యార్థి సంఘాలు వేరే ఖాతా తెరువవలసిన పనిలేదు. కళాశాల ఖాతాల్లోనే వాటికొక పద్దు కేటాయించి, ప్రిన్సిపాలు ఆమోదంతో ఖర్చు చేయడమే క్రమం.

ఖాతా తెరచు విధానం

ముందుగా కార్యవర్గం సమావేశమై ఒక తీర్మానం చేయవలెను. అది ఈ విధంగా ఉండవచ్చును: "సంఘం పేరిట ఫలానా బ్యాంకు, ఫలానా శాఖలో ఖాతా తెరుచుటకును, అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అను ముగ్గురిలో ఏ ఇద్దరైనను కూడి సంతకము చేసి ఖాతాను నిర్వహించుటకును ఈ సమావేశము ఏకగ్రీవముగా తీర్మానించినది." ఈ తీర్మానం మినిట్సు పుస్తకంలో చేరి, హాజరైనవారందరి సంతకాలతో ఉండవలెను. దాని నకలును బ్యాంకుకు సమర్పించవలెను. దీనితోపాటు రిజిస్ట్రేషను పత్రం, నియమావళి, కార్యవర్గ సభ్యుల జాబితా, సంఘం పేరుతో తీసుకొన్న పాన్ కార్డు, సంతకాలు చేసేవారి ఫోటోలు, గుర్తింపు పత్రాలు కావలెను. సంఘానికి వేరుగా పాన్ తీసుకోవలెనని చాలమందికి తెలియదు. అధ్యక్షుని పాన్ ఇచ్చి పని జరిపించుకొంటే మరల సొంత ఖాతా చిక్కులే తలెత్తుతాయి.

"ముగ్గురిలో ఏ ఇద్దరైనను" అన్న ఏర్పాటులో ఒక తెలివి ఉన్నది. ఒక్కరికే అధికారమిస్తే ప్రమాదం. ముగ్గురూ సంతకం చేయవలెనంటే ఒకరు ఊరికి వెళ్ళినా పని ఆగిపోతుంది. ముగ్గురిలో ఇద్దరు అంటే పని ఆగదు, పట్టు సడలదు. అయితే ఆ ముగ్గురూ ఒకే ఇంటివారు కాకూడదు. అన్నదమ్ములు, బావబావమరదులు ఇద్దరు సంతకాలు చేస్తే కాగితం మీద రెండు సంతకాలున్నా, నిజానికి ఒకటే.

నామినేషను సదుపాయం వ్యక్తుల సొంత ఖాతాలకే గాని సంఘం ఖాతాకు వర్తించదు. వర్తించవలసిన అవసరమూ లేదు. సంఘానికి మరణం లేదు గదా.

పొదుపు ఖాతాపై వడ్డీ వస్తుంది, కరెంటు ఖాతాపై రాదు. రిజిస్టరైన సంఘాలకు పొదుపు ఖాతా తెరువవచ్చును. మన కళాశాల విద్యార్థులు నడిపే సంఘాలలో వడ్డీ విషయం తరచు చర్చకు వస్తుంది. ధర్మనిర్ణయం చెప్పుట మా పని కాదు. అది ఆలిములు చెప్పవలసిన మాట. లెక్క దృష్ట్యా మాత్రం ఒక సూచన చేయగలము. వడ్డీ వద్దనుకొనేవారు మొదటే కరెంటు ఖాతా కోరవచ్చును. కాని అందులో ఉంచవలసిన కనీస నిలవ సాధారణంగా ఎక్కువ, రుసుములూ ఎక్కువ. పొదుపు ఖాతానే ఎన్నుకొంటే వడ్డీని వేరే కాలములో చూపి, దానినేమి చేయవలెనో ముందే తీర్మానించుకోవలెను. వచ్చిన వడ్డీని లెక్కలో చూపకుండ దాచడం మాత్రం ఏ ధర్మంలోను ఒప్పు కాదు.

చెక్కు - సంతకం విలువ

రెండు సంతకాల నియమాన్ని మన సంఘాలు తామే నీరుగార్చుకొంటాయి. కార్యదర్శి పరీక్షలకు కూర్చోబోతూ, "నేను దొరకను, ఇవి ఉంచుకో" అని పది ఖాళీ చెక్కులపై సంతకం చేసి కోశాధికారికి ఇస్తాడు. ఆ క్షణాన ఇద్దరి అధికారం ఒక్కరిదైపోయింది. రెండవ సంతకం ఉన్నది అలంకారానికి కాదు. "ఈ బిల్లు నేను చూచితిని, ఈ ఖర్చు నిజము" అని సాక్ష్యం చెప్పుటకు. బిల్లు చూడకుండ చేసిన సంతకం చూడని సంఘటనకు సాక్ష్యం చెప్పినట్టిది.

చెక్కు వ్రాయుటలోను కొంత క్రమం కలదు. పేరును, మొత్తాన్ని ఎడమ అంచుకు ఆనించి వ్రాసి, మిగిలిన ఖాళీలో గీత గీయవలెను. "అకౌంట్ పేయీ" అని రెండు అడ్డగీతలు గీస్తే ఆ సొమ్ము పేరున్నవారి ఖాతాకే చేరుతుంది. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉన్న చెక్కు చెల్లదు, తప్పు పడితే వేరొకటి వ్రాయవలసిందే. పాడైన చెక్కును చించి పారవేయక, "రద్దు" అని వ్రాసి పుస్తకంలోనే భద్రపరచవలెను. కౌంటర్‌ఫాయిలుపై తేదీ, పేరు, మొత్తం, ఎందుకిచ్చినది వ్రాయనిదే చెక్కు చింపరాదు. 2012 ఏప్రిల్ నుండి చెక్కు గడువు మూడు నెలలే. అంతకు పూర్వం ఆరు నెలలుండేది.

ఖాతాలో సొమ్ము లేకుండ చెక్కివ్వడం మాటపోవడం మాత్రమే కాదు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షను ప్రకారం, బాకీ తీర్చుటకిచ్చిన చెక్కు నిలవ చాలక తిరిగి వచ్చి, నోటీసు అందిన 15 రోజులలో సొమ్ము చెల్లించకపోతే అది శిక్షార్హమైన నేరం. రెండేండ్లవరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపువరకు జరిమానా పడవచ్చును. సంఘం చెక్కే గదా అని సంతకం చేసినవారు తప్పించుకొనలేరు. ఆ చట్టం వ్యక్తుల సంఘాలను కూడ తన పరిధిలో చేర్చుకొన్నది. వార్షికోత్సవానికి షామియానావారికి, లౌడుస్పీకరువారికి, "విరాళాలు రాగానే జమ చేద్దాం" అనే ధైర్యంతో చెక్కులిచ్చే యువకులు దీనిని గుర్తుంచుకోవలెను.

చేతిలోని బ్యాంకు

2016లో ప్రారంభమైన యు.పి.ఐ. పద్ధతి విరాళాల సేకరణను సులభం చేసింది. ఒకనాడు రసీదు పుస్తకం చంకన పెట్టుకొని ఇల్లిల్లు తిరిగినవారు నేడు క్యూ.ఆర్. చిత్రాన్ని గోడకంటించి కూర్చుంటున్నారు. సౌకర్యం పెరిగినకొద్ది జాగ్రత్త పెరగవలెను.

ఆ చిత్రం సంఘం ఖాతాదై ఉండవలెనుగాని, కార్యకర్త సొంత ఖాతాది కారాదు. శిబిరం ప్రారంభించేముందు ఒక రూపాయి పంపి, అది సంఘం ఖాతాకే చేరుతున్నదా అని చూచుకొనడం మంచి అలవాటు. గోడమీది చిత్రంపై మరొక చిత్రాన్ని అంటించే మోసగాళ్ళున్నారు. సొమ్ము స్వీకరించుటకు రహస్య సంఖ్యను నొక్కవలసిన పని ఎన్నడూ లేదు. "మీకు విరాళం పంపుతున్నాము, పిన్ నొక్కండి" అన్నవాడు సొమ్మును లాగుకొనుటకు వచ్చినవాడే. దాత చూపిన ఫోను తెరబొమ్మను రసీదుగా భావింపరాదు. ఖాతాలో జమ పడినట్లు చూచిన తరువాతనే రసీదివ్వవలెను.

ఇద్దరు కూడి నిర్వహించే ఖాతాకు, ఒక్కరే పిన్ నొక్కి సొమ్ము పంపే యు.పి.ఐ. చెల్లింపు సదుపాయం సాధారణంగా ఉండదు. దీనిని లోపంగా భావించి "ఒక్కరి సంతకం చాలు" అని బ్యాంకుకు వ్రాసి ఇచ్చే సంఘాలున్నాయి. ఇది ద్వారబంధం ఇరుకుగా ఉన్నదని గోడ కూల్చినట్లవుతుంది. సంస్థల కొరకు బ్యాంకులిచ్చే ఇంటర్నెట్ సేవలో ఒకరు చెల్లింపును సిద్ధంచేసి, మరొకరు ఆమోదించే ఏర్పాటు కలదు. చెక్కుమీది రెండు సంతకాలకు అది ఆధునిక రూపం. అది దొరకని చోట చెక్కే శరణ్యం.

ఖాతాకు అనుసంధించిన ఫోను నంబరు విషయంలో మరీ జాగ్రత్త అవసరం. చదువు ముగించి వెళ్ళిపోయిన విద్యార్థి నంబరే ఏండ్ల తరబడి ఖాతాకు అంటుకొని ఉంటుంది. ఓ.టి.పి. అతనికి పోతుంది, సంఘం ఇక్కడ ఎదురుచూస్తుంది. మోసం జరిగినట్లు తెలిసిన మరుక్షణమే బ్యాంకుకు తెలిపి, 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఈ విషయంలో గంటలు కూడ విలువైనవే.

మరొక హెచ్చరిక. "మీ సంఘం ఖాతాలో కొంత సొమ్ము వేసుకొని మాకు తిరిగి పంపండి, అందులో ఇంత విరాళంగా ఉంచుకోండి" అని అపరిచితులు అడగవచ్చును. ఇది విరాళం కాదు. ఎవరినో మోసగించి తెచ్చిన సొమ్మును మీ ఖాతాగుండా దాటించడం. పోలీసు విచారణలో ఖాతా స్తంభించిపోతుంది, సంతకాలు చేసినవారు స్టేషను మెట్లెక్కుతారు. ఖాతాను అద్దెకిచ్చుట అంటే పేరును తాకట్టు పెట్టుటయే.

జమా ఖర్చులు

తెలుగులో లెక్కకు సంబంధించిన మాటలు ఎన్నో ఉర్దూ, పారసీకాల మూలంగా వచ్చినవని మన విద్యార్థులకు విదితమే. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు అనే మాటలు లేకుండ తెలుగు రైతుగాని, వర్తకుడుగాని లెక్క చెప్పలేడు. ఉర్దూలో ఒక సామెత కలదు: "హిసాబ్ జౌ జౌ, బఖ్షీష్ సౌ సౌ". దానమిచ్చునప్పుడు నూర్లకు నూర్లు ఇవ్వవచ్చును, లెక్క మాత్రం యవగింజ యవగింజకూ చూడవలెనని దాని భావం. సేవాసంఘాలకు ఇంతకు మించిన సూత్రం లేదు.

వరుస సంఖ్యలు ముద్రించిన రసీదు పుస్తకాలు, నగదు పుస్తకం, ఓచర్ల ఫైలు - ఈ మూడుంటే చిన్న సంఘానికి చాలును. ఏ రసీదు పుస్తకం ఎవరికిచ్చినది ఒక చోట వ్రాసి, పని ముగియగానే ఖాళీ రసీదులతో సహా తిరిగి తీసుకోవలెను. వసూలైన నగదును మరునాడే బ్యాంకులో జమ చేయవలెను. వసూలైన దానిలోనుండే నేరుగా ఖర్చుపెట్టి మిగిలినది జమ చేయడం మన సంఘాలలో పాతుకుపోయిన దురలవాటు. దీనివల్ల ఎంత వచ్చిందో, ఎంత పోయిందో రెండూ మరుగున పడుతాయి. చిల్లర ఖర్చులకు, ఉదాహరణకు వెయ్యి రూపాయలు, ఖాతానుండి తీసి కార్యదర్శి వద్ద ఉంచి, ఖర్చైనదానికి ఓచర్లు చూపిన తరువాత మరల అంతే మొత్తంతో నింపడం మేలు. సరకు అమ్మినవారు 5,000 రూపాయలకు మించిన మొత్తానికి ఇచ్చే రసీదుపై రెవిన్యూ స్టాంపు ఉన్నదో లేదో చూచుకోవలెను.

ఏ ఉద్దేశంతో ఇచ్చిన సొమ్ము ఆ ఉద్దేశానికే చెందుతుంది. రంజాన్ మాసంలో జకాత్‌గా ఇచ్చిన సొమ్ము అర్హులైన పేదలకు చేరవలసినది. దానితో సమావేశపు హాలు అద్దె కట్టరాదు. పుస్తకాలకిచ్చిన సొమ్ముతో జెండాలు కుట్టించరాదు. బ్యాంకులో ఒకే ఖాతా ఉన్నా, నగదు పుస్తకంలో జకాత్, విద్యానిధి, సాధారణ నిధి అని వేర్వేరు కాలములుంచి, ప్రతి నెలాఖరున ఏ నిధిలో ఎంత నిలవ ఉన్నదో తేల్చవలెను. కుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన వాక్యం, రెండవ సూరాలోని 282వది, ఋణవ్యవహారాలను వ్రాసుకొనుమని, సాక్షులను ఉంచుకొనుమని చెప్పుటకే వినియోగింపబడినదని గుర్తు చేసికొంటే, లెక్క వ్రాయుట లౌకికమైన చిన్నపని అని ఎవరూ అనలేరు.

పాసుపుస్తకంతో సరిచూచుట

నగదు పుస్తకంలోని నిలవకు, పాసుపుస్తకంలోని నిలవకు సాధారణంగా తేడా ఉంటుంది. తేడా కనిపించగానే కోశాధికారిని అనుమానించుట అజ్ఞానం. తేడాకు కారణం వెదకకుండుట అశ్రద్ధ. ఒక ఉదాహరణ చూతము.

నెలాఖరున సంఘం నగదు పుస్తకం ప్రకారం బ్యాంకులోని నిలవ 18,450 రూపాయలు. పాసుపుస్తకంలో 21,032 రూపాయలున్నవి. తేడా 2,582 రూపాయలు. వెదకగా నాలుగు కారణాలు దొరికినవి. పుస్తకాల దుకాణానికిచ్చిన 3,200 రూపాయల చెక్కును వారింకా బ్యాంకులో వేయలేదు. ఒక దాత ఇచ్చిన 1,000 రూపాయల చెక్కు మనం వేసినాము గాని ఇంకా వసూలు కాలేదు. ఎవరో 500 రూపాయలు నేరుగా ఖాతాకు పంపినారు, మన పుస్తకంలో చేరలేదు. బ్యాంకు 118 రూపాయలు రుసుము తగ్గించుకొన్నది, అదీ మనం వ్రాయలేదు.

ఇప్పుడు 18,450కి 3,200 కలిపితే 21,650. అందులో 1,000 తీసివేస్తే 20,650. 500 కలిపితే 21,150. 118 తీసివేస్తే 21,032. లెక్క సరిపోయింది. ఇందులో మొదటి రెండు కారణాలు కాలం గడిస్తే వాటంతట అవే సర్దుకొంటాయి. తక్కిన రెండింటిని మన పుస్తకంలో వెంటనే వ్రాసికోవలెను. అప్పుడు మన నిలవ 18,832 అవుతుంది. ఆ 500 పంపిన దాత ఎవరో తెలిసికొని రసీదు పంపవలెను. ఈ పనికి నెలకు ఒక అరగంట చాలును. ఇది కోశాధికారి ఒక్కడే చేయక, చెక్కులపై సంతకం చేయని మరొక సభ్యుడు ప్రక్కన కూర్చొని చూచి, అడుగున సంతకం చేయవలెను.

విరాళం ఎక్కడినుండి?

గల్ఫు దేశాలలో, అమెరికాలో స్థిరపడిన బంధుమిత్రులు తమ ఊరి సంఘాలకు సాయపడుట పరిపాటి. ఇక్కడ 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని తప్పక తెలిసికోవలెను. విదేశీ పౌరుడుగాని, విదేశీ సంస్థగాని ఇచ్చే విరాళాన్ని కేంద్ర ప్రభుత్వం వద్ద రిజిస్ట్రేషనుగాని, ముందస్తు అనుమతిగాని లేనిదే స్వీకరింపరాదు. అనుమతి ఉన్నవారు కూడ, 2020 నాటి సవరణ ప్రకారం, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధానశాఖలో ఇందుకై తెరచిన ఖాతాలోనే దానిని తీసుకోవలెను. అయితే భారత పౌరసత్వాన్ని నిలుపుకొన్న ప్రవాసి తన సొంత సంపాదననుండి సాధారణ బ్యాంకు మార్గంలో పంపినది విదేశీ విరాళం కాదు. రియాదులో పనిచేస్తూ భారతీయ పాస్‌పోర్టు గల అన్న పంపిన సొమ్ము వేరు. అమెరికా పౌరసత్వం పొందిన మేనమామ పంపిన సొమ్ము వేరు. రక్తసంబంధం ఒకటే అయినా చట్టం దృష్టిలో మొదటిది స్వదేశీయం, రెండవది విదేశీయం. కనుక పంపినవారి పౌరసత్వాన్ని తెలిసికొని, పాస్‌పోర్టు నకలును ఫైలులో ఉంచుకోవలెను.

ఆదాయపు పన్ను శాఖ ఆమోదం పొందకుండ, "మాకిస్తే పన్ను మినహాయింపు వస్తుంది" అని దాతలకు చెప్పుట కూడ తగదు. ఆ ఆమోదం రిజిస్ట్రేషనుతో దానంతటదే రాదు. వేరుగా దరఖాస్తు చేసి పొందవలసినది.

పదవి మారినప్పుడు

విద్యార్థులు నడిపే సంఘాలలో ప్రతి ఏటా పాత చేతులు పోయి కొత్త చేతులు వస్తాయి. నాయకత్వం మారినంత తేలికగా బ్యాంకులో సంతకాలు మారవు. ఎన్నికైన మొదటి సమావేశంలోనే పాతవారి అధికారాన్ని రద్దుచేస్తూ, కొత్తవారికి ఇస్తూ తీర్మానం చేసి, పాత, కొత్త కార్యవర్గాలు కలిసి బ్యాంకుకు వెళ్ళడం ఉత్తమం. చెక్కు పుస్తకంలో ఎన్ని ఆకులు మిగిలినవి, వాటి సంఖ్యలేవి, నిలవ ఎంత, రావలసినదేది, ఇవ్వవలసినదేది అని ఒక కాగితంపై వ్రాసి ఇరువురూ సంతకాలు చేయవలెను. రిజిస్ట్రారు కార్యాలయానికి కూడ కొత్త జాబితా పంపవలెను.

ఈ పని చేయక ఖాతాను మరచిపోయిన సంఘాలు ఎన్నో. రెండేండ్లకు పైగా ఖాతాదారు లావాదేవీ ఏదీ జరపకపోతే ఖాతా నిద్రాణమైనదిగా పరిగణింపబడుతుంది. పదేండ్లు దాటితే ఆ సొమ్ము 2014లో ఏర్పడిన రిజర్వు బ్యాంకు డిపాజిటర్ల నిధికి తరలిపోతుంది. హక్కు పోదు, తిరిగి కోరవచ్చును. కాని కోరుటకు సంతకాలు చేసినవారెక్కడ? మన ప్రాంతంలో మరొక చిక్కు కూడ వచ్చింది. 1942లో పని ప్రారంభించిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదుగా పేరు మార్చుకొని, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైంది. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత పాసుపుస్తకాలు పెట్టెలలో దాచుకొన్న సంఘాలు వాటిని వెలికితీసి, విలీనమైన బ్యాంకులో విచారించుకొనుట మంచిది. ఆ పెట్టెలలో పూర్వులు కూడబెట్టిన విద్యానిధులు ఉండవచ్చును.

పాలకవర్గానికి మనవి

కళాశాలలో చరిత్ర, వాణిజ్యం, సాహిత్యం బోధిస్తున్నాము. కాని పదిమంది సొమ్మును పదిలంగా ఉంచే విద్యను ప్రత్యేకంగా బోధించడం లేదు. సంవత్సరారంభంలో విద్యార్థి సంఘాల కోశాధికారులకు వాణిజ్యశాఖ అధ్యాపకులచేత రెండు పూటల శిక్షణ ఇప్పించుట కష్టమైన పని కాదు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఇతర సంఘాల లెక్కలను పరీక్షిస్తే వారికి అనుభవం, సంఘాలకు శుద్ధి రెండూ కలుగుతాయి. సంవత్సరాంతాన ప్రతి సంఘం జమాఖర్చుల పట్టికను ఉర్దూలోను, తెలుగులోను వ్రాసి ప్రకటన ఫలకంపై అంటించాలని నియమం పెడితే మరీ మంచిది. ఎవరూ అడుగకముందే లెక్క చెప్పేవానిని అడిగేవాడుండడు.

యువకులారా, అమానత్ అనే మాటకు మన భాషలలో విలువ పెద్దది. ఒకరు నమ్మి మీ చేతికిచ్చినదానిని ఇచ్చినది ఇచ్చినట్లు అప్పగించుటయే అమానత్. పేటలోని ముసలమ్మ కొంగుముడి విప్పి ఇచ్చిన పది రూపాయలు, దూరదేశంలో ఎండలో పనిచేసిన కూలీ పంపిన పదివేలు ఒకే పుస్తకంలో ఒకే శ్రద్ధతో వ్రాయబడవలెను. సాయంకాలపు బడి దీపం వెలగాలంటే నూనె ఎంత అవసరమో లెక్కల పుస్తకం అంత అవసరం. ఆ పుస్తకాన్ని శుభ్రంగా ఉంచిన కోశాధికారి, పదవి దిగిన తరువాత కూడ, తన వీధిలో తలయెత్తుకొని నడువగలడు.